తప్పులేని విస్తరి

ఒకానొక రాజ్యంలో దప్పళం చాలా బాగా వండేవారు. తరతరాలుగా అదే దప్పళం, అంతే బాగా. చిక్కంతా అక్కడే వచ్చింది.

రాజ్యం పేరు పొన్నగిరి. ఏలుతున్నవాడు కొండభూపతి. ఆయన భోజనానికి కూర్చోగానే వందిమాగధులు బిరుదులు చదవడం మొదలుపెట్టేవారు. అవన్నీ ముగిసేసరికి విస్తట్లో నెయ్యి పేరుకుపోయేది. అయినా ఒక్క బిరుదు తగ్గించడానికి కూడా ఆయన ఒప్పుకునేవాడు కాదు. చల్లారిన అన్నమే తినేవాడు, దర్జాగా తినేవాడు.

ఆయన పక్కన ఎప్పుడూ నిలబడి ఉండే మనిషి మాచసాని. ఆమె అడపకత్తె. అంటే ఆకులూ వక్కలూ సున్నం ఉన్న పెట్టె చేత పట్టుకుని, వేళకు రాజుగారికి తాంబూలం చుట్టి ఇచ్చే ఉద్యోగం. రాజుగారి తండ్రి కాలంలో, పరికిణీలు కట్టుకునే వయసులో కొలువులో చేరింది. ఇప్పుడు చెవుల దగ్గర జుట్టు నెరిసింది. రాజు పక్కన నిలబడేవాళ్ళకి అన్నీ వినబడతాయి. మాచసాని విన్నవన్నీ మనసులో దాచుకునేది. అప్పుడప్పుడూ ఒక మాట అనేది. ఆ మాటకి సభలో వాళ్ళు ముందు నవ్వేవారు, రాజుగారు కాస్త ఆలస్యంగా నవ్వేవారు.

ఆ ఏడు వసంతోత్సవాలకి పొరుగు రాజ్యమైన నీలవరం నుంచి కేతభూపాలుడు విందుకొచ్చాడు. కడుపునిండా తిన్నాడు. చెయ్యి కడుక్కుంటూ నెమ్మదిగా అన్నాడు.

"దప్పళం అద్భుతంగా ఉంది. మా తాతగారు ఇక్కడికొచ్చి తిన్నప్పుడు కూడా సరిగ్గా ఇదే మాట అన్నారట."

ఎవరూ నవ్వలేదు. మాచసాని తలొంచుకుని తమలపాకు ఈనె తీయడం మీద చాలా శ్రద్ధ పెట్టింది.

"మళ్ళీ శ్రావణంలో వస్తాను," అన్నాడు కేతభూపాలుడు తాంబూలం అందుకుంటూ. "ఏం పెడతారో ఇప్పుడే తెలుసు కాబట్టి ఏ బెంగా లేదు."

ఆ రాత్రి కొండభూపతికి నిద్ర పట్టలేదు. తెల్లవారగానే వంటవాళ్ళందరినీ సభకు పిలిపించాడు.

"శ్రావణంలో ఆయన వచ్చేసరికి నా వంటశాల నుంచి ఎవరూ ఎన్నడూ తినని వంటకం రావాలి. తప్పకుండా రావాలి," అన్నాడు. తప్పకుండా అన్నప్పుడు సింహాసనం చేతి మీద అరచేత్తో కొట్టాడు. "కొత్తది చెయ్యండి. తప్పకుండా చెయ్యండి."

మిగతా సంగతి గుండయమంత్రి చూసుకున్నాడు. ఏ పనికైనా ముందు ఒక నియమం, ఆ నియమానికి ఒక అధికారి ఉంటే పని దానంతటదే జరిగిపోతుందని నమ్మే మనిషి ఆయన. పాత వంటశాల పక్కనే నూతన పాకశాల అని ఒకటి కట్టించాడు. గుమ్మం మీద 'కొత్తది వండుదాం' అని పెద్ద అక్షరాలతో చెక్కించాడు. వంటవాళ్ళు పొద్దున్నే ఆ అక్షరాల కింద వరసగా నిలబడి అదే మాట గట్టిగా అనాలి. వాళ్ళకి వెండి గరిటెలు ఇచ్చారు. వెండి గరిటె పొయ్యి మీద కాసేపు ఉంటే చెయ్యి కాలిపోతుందన్న సంగతి మంత్రిగారికి తెలియదు, వంటవాళ్ళు చెప్పలేదు.

ఆ తర్వాత అసలు నియమం వచ్చింది. కొత్త వంటకం పేరుతో ఎవరైనా తప్పు చేసి రాజుగారి విస్తరి పాడుచేస్తే, వాడి మెడలో ఒక మాడిన చట్టి కట్టి పొద్దుగూకేదాకా కోట గుమ్మం దగ్గర నిలబెడతారు. ఆ తర్వాత వాడికి వంటశాలతో పని లేదు.

"భయం ఉంటేనే ప్రభూ, బుర్ర చురుగ్గా పనిచేసేది," అన్నాడు గుండయమంత్రి.

దీనికి తోడు పాత ఆజ్ఞ ఒకటి ఉండనే ఉంది. పట్టాభిషేకం నాడే కొండభూపతి పెట్టినది. తాను తినకముందు వంటకాన్ని ఎవరూ నాలుక మీద వేసుకోకూడదు, రాజు ఎవరి ఎంగిలీ తినడు. కాబట్టి వంటవాళ్ళు వాసన చూసీ, రంగు చూసీ ఉప్పు వేసేవారు. దప్పళానికి ఏ ఇబ్బందీ రాలేదు. నిద్రలో లేపినా ఎంత వెయ్యాలో వాళ్ళ చేతులకే తెలుసు.

పాకశాల తెరిచాక మొదటి వంటకం వచ్చింది. పేరు 'నవమణి రసవాహిని'. రాజుగారు ఆత్రంగా ముద్ద కలిపారు. దప్పళం.

తర్వాత 'కనకకూష్మాండ మాధురి' వచ్చింది. అదీ దప్పళమే, గుమ్మడి ముక్కలు కాస్త పెద్దవి. ఆ తర్వాత 'త్రిలోక మోహిని' వచ్చింది. అందులో ముక్కలు చిన్నవి.

"పేర్లు మాత్రం రోజురోజుకీ రుచిగా తయారవుతున్నాయి ప్రభూ," అంది మాచసాని.

రాజుగారు నవ్వలేదు. "ఇంతమందిలో ఒక్కడికైనా బుర్ర లేదా?" అన్నారు.

ఒక్కడికి ఉంది. పెద్ద వంటవాడు తిప్పన్న. ఆ వంటశాలలో అతని తండ్రి వండాడు, తాత వండాడు. వీళ్ళందరి దప్పళం తిప్పీ తిప్పీ విసిగిపోయిన మనిషి. ఒకరోజు పండిన వాక్కాయలు తెచ్చి, పనస గింజలతో కలిపి, ఆవుపాలు పోసి ఉడికించాడు. వాసన బాగానే ఉంది. మూతపెట్టి రాజుగారి ముందుకు పంపాడు. వాక్కాయ పులుపుకి దారిలోనే పాలు విరిగాయి. రాజుగారు మూత తీయించి, ముద్ద నోట్లో పెట్టుకుని, వెంటనే బయటికి తెచ్చారు. సరిగ్గా అప్పుడే వందిమాగధులు 'ధీరగంభీరా' అన్న బిరుదు దగ్గరున్నారు.

శిక్ష మర్నాటికి ఖాయమైంది. సాయంత్రమయ్యేసరికి కోటంతా తిప్పన్నని తప్పన్న అనడం మొదలుపెట్టింది.

మాచసాని వంటశాల పెరట్లోకి వెళ్ళేసరికి అతను తన గరిటెలు ఒక గుడ్డలో మూట కడుతున్నాడు.

"ఏం తప్పన్నా, ప్రయాణమా?"

"నువ్వు కూడానా అక్కా?"

"నేనూ ఒకసారి అని చూద్దామని. పేరు బాగానే అతికింది."

తిప్పన్న మూట మీద కూలబడ్డాడు. "నన్ను గుమ్మం దగ్గర నిలబెడితే నిలబడతాను. పొద్దుగూకాక ఎక్కడికి పోను? మా నాన్న కట్టుకున్న పొయ్యి ఇది. ఇది కాకుండా నాకేం వచ్చు?"

"పులుపు తగిలితే పాలు విరుగుతాయని నీకు తెలియదూ?"

"పండిన కాయ కదా, పులుపు చచ్చి ఉంటుందనుకున్నా. ఒక్క చుక్క నాలుక మీద వేసుకుంటే తెలిసిపోయేది. ఎంగిలి కదా మరి."

"ఇప్పుడు మళ్ళీ చెయ్యమంటే ఏం చేస్తావు?"

అతని మొహం మారిపోయింది. "ఆవుపాలు కాదక్కా. కొబ్బరిపాలు. అవీ ఉడికేటప్పుడు కాదు, కుండ దించి సెగ తగ్గాక పొయ్యాలి. పనస గింజలు ముందు నిప్పుల మీద వేయించి, పొట్టు తీసి..." అంటూ చేతులతో గాల్లోనే వలుస్తున్నాడు. తర్వాత చేతులు దించేశాడు. "ఎవరు చెయ్యనిస్తారు."

"మూట విప్పు," అంది మాచసాని.

మర్నాడు సభలో చట్టి సిద్ధంగా ఉంది. గుండయమంత్రి దానికి కొత్త తాడు కూడా కట్టించాడు. మాచసాని రాజుగారికి తాంబూలం అందించి, పక్కకు తప్పుకోకుండా అక్కడే నిలబడింది.

"ప్రభూ, ఒక మనవి. ఈ మనిషిని పంపేస్తే ఒక్క తప్పు పోతుంది. మిగిలినవాళ్ళలో ఇంకెన్ని దాక్కుని ఉన్నాయో. కొన్నాళ్ళు వంటశాల నా చేతికివ్వండి. ఏలినవారి విస్తట్లోకి ఒక్క తప్పు కూడా రాకుండా చూస్తాను."

"ఒక్కటి కూడా?"

"ఒక్కటి కూడా. వచ్చిన రోజున ఆ చట్టి నా మెడలో వెయ్యండి. అందాకా తిప్పన్న శిక్ష ఆపండి."

"తాంబూలం చుట్టే మనిషి చేతికి వంటశాలా?" అన్నాడు గుండయమంత్రి.

"మంత్రిగారు ఎన్నడూ గరిటె ముట్టలేదు. అయినా గరిటెల మీద నియమాలు రాశారు. నేను కనీసం ఆకుల ఈనెలు తీస్తాను."

రాజుగారు గొంతు సవరించుకున్నారు, నవ్వు రాకుండా. "నువ్వే నెగ్గితే?"

"ఒక కోరిక కోరతాను. ఊళ్ళూ మాన్యాలూ అడగను. ఇంకొక్క మాట ప్రభూ. తప్పుందని అన్నప్పుడు అది ఎక్కడుందో ఏలినవారే చూపించాలి. నియమం ప్రకారం చూపించాలి."

నియమం అన్న మాటకి మంత్రిగారు మెత్తబడ్డారు. రాజుగారు సరేనన్నారు.

మొదటి రోజు పప్పు వచ్చింది. రాజుగారు ముద్ద నోట్లో పెట్టుకుని ఆగారు.

"ఇందులో ఉప్పు లేదు."

"లేదు ప్రభూ. ఉప్పు ఎక్కువైతే తప్పు, తక్కువైతే తప్పు. అందుకని వెయ్యలేదు."

"వెయ్యకపోవడం తప్పు కాదూ?"

మాచసాని మంత్రి వైపు తిరిగింది. "మంత్రిగారు నియమంలో 'చేసిన తప్పు' అని రాశారు. చెయ్యనిది తప్పని ఎక్కడైనా రాశారా?"

గుండయమంత్రి ఒక్క క్షణం ఆలోచించాడు. తన మాటను అంత జాగ్రత్తగా గుర్తుపెట్టుకున్నవాళ్ళు కొలువులో ఇంకొకరు లేరు. "రాయలేదు ప్రభూ," అన్నాడు కొంచెం సంతోషంగా. "చేసినదానికే శిక్ష. చెయ్యనిదానికి లేదు."

మర్నాడు పోపు పోయింది. ఆవాలు మాడే ప్రమాదం ఉందట. ఆ మర్నాడు చింతపండు పోయింది, పులుపెక్కుతుందని. తర్వాత కూర మాయమైంది, ముక్క ఉడికీ ఉడకకుండా ఉండొచ్చని. పప్పు కూడా అదే దారిన పోయింది. ఉత్త అన్నం, ఉత్త మజ్జిగ మిగిలాయి. పెరుగు ఒక్కొక్కప్పుడు పుల్లబడుతుందని గుర్తొచ్చి మజ్జిగ కూడా ఆపేశారు.

వంటవాళ్ళు చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఏ పనీ చెయ్యకపోవడం వల్ల వాళ్ళలో ఒక్కరూ ఏ తప్పూ చెయ్యలేదు. గుండయమంత్రి పాకశాలకి వచ్చి, గుమ్మం మీద అక్షరాలు చూసుకుని, వంటశాల ఇంత క్రమశిక్షణగా ఎన్నడూ లేదని మెచ్చుకుని వెళ్ళాడు. రాజుగారు మాత్రం రోజురోజుకీ సన్నబడుతున్నారు. అయినా పందెంలో ముందుగా తానే ఓడిపోవడం ఆయనకి చిన్నతనం.

చివరికి ఒకనాడు విస్తరి వేశారు. వందిమాగధులు బిరుదులు అందుకున్నారు. ఆకలి మీదున్న రాజుగారు మొదటిసారిగా, కొన్ని వదిలెయ్యండన్నట్టు చెయ్యి ఊపారు. వడ్డన మీద కప్పిన గుడ్డ తీశారు.

విస్తట్లో ఒక పక్కన కడిగిన బియ్యం. ఇంకో పక్కన చెక్కు తియ్యని దోసకాయ. మధ్యలో, కొండలాగా, ఒక గుమ్మడికాయ.

"ఇదేమిటి?" అన్నారు రాజుగారు.

"తప్పులేని విస్తరి ప్రభూ. అన్నం వండితే మెత్తబడుతుంది, లేకపోతే పలుకవుతుంది. గుమ్మడికాయ కొయ్యబోతే చెయ్యి తెగొచ్చు. తప్పు ఎక్కడుందో ఏలినవారు చూపించాలి."

రాజుగారు గుమ్మడికాయని అటూ ఇటూ తిప్పి చూశారు. చాలాసేపు చూశారు. గుమ్మడికాయ నున్నగా, నిర్దోషిగా ఉంది.

"ఇది అసలు వంటే కాదు."

"కాదు ప్రభూ. వంట మొదలుపెడితే తప్పుకి చోటిచ్చినట్టే."

"నాకు ఉప్పు వేసిన పప్పు కావాలి."

"ఎంత ఉప్పు వెయ్యమంటారు?"

"సరిపడా."

"సరిపడిందని ఎలా తెలుస్తుంది ప్రభూ?"

"నాలుక మీద వేసుకుంటే తెలుస్తుంది. ఆ మాత్రం తెలియదా నీకు?"

"తెలుసు. అది ఎంగిలి అని ఏలినవారి ఆజ్ఞ."

ఆకలి గట్టిగానే పనిచేసింది. "ఆ ఆజ్ఞ తీసేస్తున్నాను. అరచేతిలో వేసుకుని రుచి చూడండి. పోపు కూడా పెట్టండి."

"మాడితే?"

"ఇంకోటి పెట్టండి."

"మాడిన చట్టిని ఏం చెయ్యమంటారు?"

"తోమండి. చట్టి మాడితే ఎవరైనా ఏం చేస్తారు?"

"మెడలో వేసుకోవాలేమో అనుకున్నాం ప్రభూ," అంది మాచసాని.

గోడ వారగా నిలబడ్డ వంటవాళ్ళలో ఎవరో నవ్వాపుకోలేక దగ్గారు.

మాచసాని గొంతు తగ్గించింది. "ఏలినవారు ఆ రోజు ఒక మాట అన్నారు. కొత్తది చెయ్యండి, తప్పకుండా చెయ్యండి అని. వీళ్ళు ఆ మాటని అక్షరాలా పట్టుకున్నారు. తప్పకుండా చెయ్యడం ఎలాగా అని చూశారు. తప్పకుండా చెయ్యగలిగేది దప్పళం ఒక్కటే. అందుకే రోజుకో పేరు పెట్టి అదే తెచ్చారు. తిప్పన్న ఒక్కడే తప్పకుండా అన్న మాట మరిచిపోయి, కొత్తది అన్న మాట గుర్తుపెట్టుకున్నాడు. ఏలినవారు రెండూ కలిపి అడిగారు ప్రభూ. రెండూ ఒక చట్టిలో ఉడకవు."

"మరి నీ సంగతేమిటి?" అన్నారు రాజుగారు. అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. "ఇన్నేళ్ళుగా నువ్వు తాంబూలం చుడుతున్నావు. ఒక్కనాడైనా సున్నం ఎక్కువైందా? నా నోరు ఒక్కసారైనా పొక్కిందా? తప్పకుండా చెయ్యడం కుదరదంటున్నావు, నువ్వు చేస్తున్నావు కదా."

"మీ నోరు పొక్కలేదు ప్రభూ. మీ నాన్నగారి నోరు పొక్కింది."

మాచసాని తాంబూలం పెట్టె కింద పెట్టింది.

"చేరిన కొత్తలో సున్నం ఎంత రాయాలో నాకు తెలియదు. భయంతో ఇంకా ఎక్కువ రాసేదాన్ని. ఆయన భోజనం మానేసి మజ్జిగ పుక్కిలించేవారు. తర్వాత నన్ను పిలిచి, నాలుక చాపి చూపించి, 'ఇదిగో, ఇక్కడ కాలింది, ఇంకాస్త తగ్గించు పిల్లా' అనేవారు. నన్ను మార్చెయ్యమని మంత్రులు చెప్పారు. 'ఇంకొకత్తెని పెడితే నా నోరు మళ్ళీ మొదటినుంచీ కాలాలి' అన్నారాయన. ఇవాళ మీరు హాయిగా నములుతున్న తాంబూలం ఆ నాలుక మీద నేర్చుకున్నదే."

కొండభూపతికి గుర్తుంది. చిన్నప్పుడు తండ్రి నాలుక బయటపెట్టి కూర్చుంటే, ఆట అనుకుని తనూ నాలుక చాపేవాడు. అది ఎందుకో ఇన్నాళ్ళూ తెలియదు. ఆయన కాసేపు గుమ్మడికాయ మీద చెయ్యి వేసి కూర్చున్నారు.

తర్వాత మంత్రితో అన్నారు. "ఆ చట్టి తాడు విప్పించండి. తిప్పన్నని పొయ్యి దగ్గరికి పొమ్మనండి." ఇటు తిరిగి, "నువ్వే నెగ్గావు. నీ కోరిక ఏమిటి మాచసానీ?" అన్నారు.

"కొత్తది వండబోయి చెడగొట్టినది ఏదైనా ఉంటే దాచకుండా ఏలినవారి ముందుకి తేవాలి. ఏలినవారు అందరి ఎదుటా అందులోంచి ఒక ముద్ద తినాలి. మొహం చిట్లించకూడదు. తిన్నాక, వండినవాడిని 'తర్వాత ఏం చేస్తావు' అని అడగాలి. అంతే."

"రాజు చెడిపోయినది తినడమా?" అన్నాడు గుండయమంత్రి.

"ఆయన ఒక్క ముద్ద తింటే ఇక ఎవరూ ఏదీ దాచరు మంత్రిగారూ. దాచిందే మళ్ళీ మళ్ళీ చెడుతుంది."

రాజుగారికి ఒక ఆలోచన వచ్చింది. ఆయన మొహం చాలా రోజుల తర్వాత వెలిగింది. "సరే. కానీ నాతోబాటు మంత్రిగారు కూడా ఒక ముద్ద తింటారు."

మంత్రిగారు ఏదో అనబోయి, తనకి ఏ నియమమూ గుర్తు రాక ఊరుకున్నారు.

మొదటి రోజు మెంతులు ఎక్కువైన ములక్కాడల కూర వచ్చింది. రాజుగారు మొహం చిట్లించలేదు గానీ చెవులు కదిలాయి. గుటక వేశాక, "తర్వాత ఏం చేస్తావు?" అన్నారు, గొంతులో ఇంకా చేదుండగానే. వండినవాడు తెల్లబోయాడు. అంతకుముందు రాజుగారు వాళ్ళని ప్రశ్న అడిగి జవాబు కోసం ఆగిన రోజు లేదు. "మెంతులు వేయించి వేస్తాను ప్రభూ," అన్నాడు నత్తి నత్తిగా. "వేయించి తీసుకురా," అన్నారు రాజుగారు.

కొన్నాళ్ళకి వంటవాళ్ళు భయపడటం మానేశారు. చెడిన చట్టితో ముందు నేను వెళ్తానంటే నేనని తోసుకునేవారు. పొద్దుటిపూట అక్షరాల కింద నిలబడి అరవడానికి ఎవరికీ తీరిక లేకపోయింది. వెండి గరిటెలు మంత్రిగారికి తిరిగి వెళ్ళాయి, వాటి చోటికి కర్ర గరిటెలు వచ్చాయి. ఒకడి పొరపాటు రుచి చూసి పక్కవాడు, "ఇందులో బెల్లం కాదురా, వాము పడాలి" అనేవాడు. అదీ కుదరకపోతే ఇద్దరూ కలిసి చట్టి మోసుకొచ్చేవారు.

తిప్పన్న తన వాక్కాయలు వదల్లేదు. ఒకసారి ముద్ద జిగురైంది, రాజుగారి పళ్ళు అతుక్కుని కాసేపు ఆజ్ఞలేవీ రాలేదు. ఇంకోసారి పులుపుకి మంత్రిగారి కళ్ళమ్మట నీళ్ళు కారాయి. ఒకనాడు మంత్రిగారే, అడగకుండానే, "ఇంగువ వేస్తే?" అన్నారు. వేశారు. ఘోరంగా ఉంది. గుండయమంత్రి తన వంతు ముద్ద తిన్నాడు, రాజుగారి వంతు కూడా తనే తీసుకుని తిన్నాడు.

"నా తప్పే," అన్నాడు. ఆ మాట ఆయన నోటినుంచి రావడం సభ మొదటిసారి విన్నది. "మిరియం వేసి చూద్దామా తిప్పన్నా?"

ఇంతలో శ్రావణం వచ్చింది. దాంతోబాటు కేతభూపాలుడూ వచ్చాడు.

విస్తరి ముందు కూర్చుంటూనే, "దప్పళం ఎక్కడ?" అన్నాడు చిరునవ్వుతో.

"అదీ ఉంది," అన్నారు కొండభూపతి. "మీ తాతగారి పేరు మీద చేయించాను."

ఆ రోజు బిరుదులు చదవలేదు. అన్నం మీద పొగలు వస్తున్నాయి. దప్పళం పక్కన ఒక ఆకు దొప్పలో ఏదో ఎర్రగా, మెరుస్తూ ఉంది. కేతభూపాలుడు ఒక ముద్ద కలుపుకున్నాడు. కొబ్బరిపాల కమ్మదనం వెనకాల వాక్కాయ పులుపు, దాని వెనకాల వేయించిన పనస గింజ, చివర్న మిరియం. దొప్ప ఖాళీ అయింది. ఇంకొకటి వచ్చింది. అదీ ఖాళీ అయింది. తిప్పన్న తలుపు వెనక నిలబడి ఉత్తరీయం అంచు నలిపేసుకుంటున్నాడు.

"దీన్ని ఏమంటారు?" అన్నాడు కేతభూపాలుడు చివరికి.

గుండయమంత్రి అలవాటుకొద్దీ నోరు తెరిచాడు. రాజుగారు ఆయన వైపు చూశారు. మంత్రి నోరు మూసుకుని తిప్పన్నని ముందుకి పిలిచాడు.

"పేరింకా పెట్టలేదు ప్రభూ," అన్నాడు తిప్పన్న. "మొన్నటిదాకా మా దగ్గర పేర్లే ఉండేవి, వంటకం లేదు."

కేతభూపాలుడు దొప్ప అంచు వేలితో తుడిచాడు. "ఇది మా తాతగారు తినలేదు," అన్నాడు. ఈసారి ఆ మాటలో ఎగతాళి లేదు.

"మీ మనవడు వచ్చేసరికి ఇదీ పాతబడుతుంది లెండి. ఆయనకి వేరేది పెడతాం," అన్నారు కొండభూపతి. ఇద్దరు రాజులూ కలిసి నవ్వారు. తలుపు వెనక వంటవాళ్ళూ నవ్వారు. వాళ్ళని ఎవరూ గదమలేదు.

అతిథి వెళ్ళాక రాజుగారు నిండు సభలో తిప్పన్న మెడలో ముత్యాల హారం వేశారు. "ఈ మెడలో చట్టి వెయ్యబోయాను," అన్నారు. తర్వాత తన తండ్రి వాడిన బంగారు సున్నపుకాయ తెప్పించి మాచసాని చేతిలో పెట్టారు. ఏనాటినుంచో పెట్టెలో ఉండిపోయిన వస్తువు. మూత మీద చిలక, లోపల సున్నం రాసే చిన్న బంగారు పుల్ల.

"దీంతో ఒక తాంబూలం చుట్టు," అన్నారు.

మాచసాని ఆకు తీసింది. కొత్త పుల్ల ఆమె పాత పుల్లకంటే కొంచెం వెడల్పు. సున్నం రాసి, వక్క పెట్టి, మడిచి ఇచ్చింది. రాజుగారు దర్జాగా నోట్లో పెట్టుకున్నారు. నమిలారు. చెవులు కదిలాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మొహం మాత్రం చిట్లించలేదు, ఈపాటికి బాగా అలవాటైపోయింది.

సభంతా చూస్తోంది. రాజుగారు నాలుక బయటకి చాపి, వేలితో చూపించారు.

"ఇక్కడ కాలింది మాచసానీ. సున్నం ఎక్కువైంది."

"కొత్త పుల్ల ప్రభూ," అంది మాచసాని. "తప్పలేదు."

రాజుగారు మజ్జిగ తెమ్మన్నారు. పుక్కిలిస్తూనే నవ్వారు. ఈసారి సభకంటే ముందు ఆయనే నవ్వారు.